సర్దిన చిందరవందర

పోయిన నెలలో మా బొమ్మల మేస్త్రి గారి మట్టిచూపులకి వెళ్లాను.

మట్టిచూపులంటే ఏమిటో ముందు చెప్పాలి. మా వైపు తండ్రి పోతే కాస్త కలిగిన కొడుకులు పొలం గట్టు మీదో, ఊరి మొదట్లోనో ఆయన విగ్రహం పెట్టిస్తారు. బతికుండగా సరిగ్గా పలకరించని కొడుకు కూడా పోయాక నిలువెత్తున నిలబెట్టిస్తాడు. శిల్పి ముందు మట్టితో బొమ్మ చేస్తాడు. అది పూర్తయ్యాక ఇంటిల్లిపాదీ ఆటో మాట్లాడుకుని వచ్చి చూస్తారు. ముక్కు లావైందని ఒకరు, మీసం ఇంత ఉండేది కాదని ఇంకొకరు, అసలు మామయ్యకి అంత శాంతం ఎక్కడిదని మూడో కోడలు, తలా ఒక వంక పెడతారు. చివర్న ఇంటికి పెద్ద దిక్కయిన మనిషి "మా నాన్నే" అనాలి. ఆ మాట పడితేనే మట్టి మీద అచ్చు తీసి ఫైబరు బొమ్మ పోస్తారు. "కాదు" అన్నారంటే తీగతో తల కోసి మళ్లీ మొదలు. పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చలేదని చెప్పడానికి జనం మొహమాటపడతారు గానీ, మట్టిచూపుల్లో ఎవరికీ మొహమాటం ఉండదు. ఆ పేరు మేస్త్రి గారు పెట్టిందే.

ఈసారి పీట మీద మట్టిలో ఉన్నది మేస్త్రి గారే. ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం భోంచేసి, కంచం కడిగి బోర్లించి, పడుకుని లేవలేదు. ఆయన విగ్రహం ఆయన పనిచేసిన షెడ్డు మలుపులో పెట్టాలని మా ఊరి కళాసమితి వాళ్లు తీర్మానించారు. ఆయన దగ్గర పని నేర్చుకుని, తర్వాత సొంతంగా షెడ్డు పెట్టుకున్న శిష్యుడు బొమ్మ చేశాడు. "ఆయనే" అనాల్సింది ఆయన భార్య. ఆవిడ ఏమంటుందోనని నాకు ముందు రోజు నుంచే బెంగగా ఉంది. ఎందుకంటే ఊరికి తెలిసిన మేస్త్రి గారు ఒకరు, ఆవిడకి తెలిసిన మేస్త్రి గారు ఇంకొకరు. విగ్రహమేమో ఒక్కటే.

నాకు ఇద్దరూ తెలుసు. హైస్కూల్లో తెలుగు చెప్పుకుంటూ, తీరిక దొరికితే కథలు రాసుకుంటూ, చాలా ఏళ్లు వాళ్ల మేడ మీద వాటాలో అద్దెకున్నాను. పక్కనే జిన్నింగు మిల్లు, ఆ మిల్లు గోడకి ఆనుకుని ఆయన రేకుల షెడ్డు. మొదటిసారి అందులోకి వెళ్లినప్పుడు నాకు తెలియకుండానే చెప్పులు విడిచాను. బొమ్మలు చేసే చోటంటే మట్టీ, మరకలూ, కాళ్లకి అడ్డంపడే సామానూ ఉంటాయనుకుని వెళ్లినవాణ్ణి. అక్కడ నేల మీద అన్నం పెట్టుకుని తినొచ్చు. చేతులకి ఒక అర ఉంది. అందులో దీవించే చేతులు ఒక వరస, దారి చూపించే చేతులు ఒక వరస, దండం పెట్టేవి ఒక వరస, పుస్తకం పట్టుకున్నవి ఒక వరస. కళ్లజోళ్లన్నీ మేకులకి వేలాడుతున్నాయి. పై అరలో నాయకుల తలలు. అవి పార్టీల వారీగా లేవు, మెడ కొలత ప్రకారం ఉన్నాయి. దాంతో బతికినన్నాళ్లూ ఒకరి గాలి ఒకరికి సోకనివ్వని నాయకులిద్దరు అక్కడ చెవీ చెవీ ఆనించుకుని ఉన్నారు. ఎన్నికల ముందు ఒక పార్టీ వాళ్లు అది చూసి గొడవకి దిగారు.

"మా నాయకుణ్ణి తీసుకెళ్లి ఆయన పక్కన పెడతారా? ఏందండి ఇది?"

"పార్టీల సంగతి నాకు తెలవదండి. ఇద్దరిదీ ఒకటే మెడ. పక్కపక్కన లేకపోతే నాకు పని నడవదు" అన్నారు మేస్త్రి గారు. ఆ తర్వాత తువ్వాలు నాలుగు మడతలు విప్పి, చేతులు తుడుచుకుని, మళ్లీ అవే మడతలు పెట్టి పక్కన పెట్టారు. వచ్చినవాళ్లు వచ్చిన దారినే వెళ్లిపోయారు.

మనిషి కూడా షెడ్డు లాగే ఉండేవారు. తెల్ల చొక్కా, మెడ దాకా బొత్తాలు, నూనె రాసి ఎడమ పాపిడి తీసి దువ్విన తల. రోజంతా మట్టిలో ఉన్నా ఆ చొక్కా మీద మరక ఉండేది కాదు. పత్తి కాలంలో మిల్లులోంచి దూది పింజలు ఎగిరొచ్చి తడి బొమ్మలకి అతుక్కునేవి. పొద్దున్నే చిన్న పట్టకారు పుచ్చుకుని ఆ పని మీద కూర్చునేవారు. మంత్రిగా చేసినాయన మీసంలోంచి పింజలు ఏరుతూ, "బతికుండగా ఈయన దగ్గిరికి మనల్ని ఇంత దగ్గిరగా రానిచ్చేవాళ్లా మాస్టారూ?" అని నవ్వేవారు.

సర్దే చేతులకి షెడ్డు చాలేది కాదు. పెళ్లికి వెళితే వేదిక మీద వంకరగా ఉన్న పూలదండ సరిచేసేవారు. చావింటికి వెళితే గుమ్మం ముందు విడిచిన చెప్పులు జతలు జతలుగా పేర్చేవారు. మా హెడ్మాస్టారి తండ్రి పోయినప్పుడు ఆ పని చేస్తే, ఏడ్చి బయటికొచ్చిన బంధువు ఒకాయనకి తన చెప్పులు కళ్ల ముందే ఉన్నా కనపడలేదు. గుట్టలో కాలితో కెలికి వెతుక్కోవడం అలవాటైన మనిషి, అంత బుద్ధిగా వరసలో ఉన్నవి తనవి కావనుకుని ఉత్త కాళ్లతో వెళ్లిపోయాడు.

ఒకసారి కాఫీకి మా వాటాకి పిలిచాను. నా రాతబల్ల చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. పుస్తకాల మీద కాగితాలు, కాగితాల మీద కాఫీ గ్లాసులు, వాటి మీద మళ్లీ పుస్తకాలు. నేను కొంచెం గర్వంగానే, "సృజన అంటే ఇంతేనండి, చిందరవందరలోంచే పుట్టాలి" అన్నాను.

"పుట్టిందాండి?" అని అడిగారు.

అందులో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగారు. వంటింట్లో మా ఆవిడ నవ్విన నవ్వుకి నేను ఆ ఏడాదంతా కోలుకోలేదు.

"వెతుక్కోడంలోనే సగం పొద్దు పోయిద్ది. తతిమ్మా సగంలో చేసేది కళ ఎట్లయిద్దండి?" అనేది ఆయన సిద్ధాంతం. సిద్ధాంతం బాగానే ఉంది గానీ అది ఆయనకి కూడు పెట్టలేదు. దర్శి అవతలి నుంచి అన్నదమ్ములిద్దరు తండ్రి విగ్రహం కోసం కారేసుకుని వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను.

"ఇదేంది, మందుల షాపులాగుంది?" అన్నాడు పెద్దవాడు.

"శిల్పి గారు ఏరండీ?" అన్నాడు చిన్నవాడు.

"నేనేనండి."

చిన్నవాడు ఆయన చొక్కా బొత్తాల వంక చూశాడు. "ఓహో. లెక్కలు రాసేవాళ్లేమో అనుకున్నా. సరే, ఎప్పటికిస్తారు?"

"చవితి దాటినాక వచ్చే సోమవారం ఇస్తానండి."

"తప్పకుండానా?"

"సోమవారమేనండి."

అన్నదమ్ములు మొహాలు చూసుకున్నారు. మళ్లీ వస్తామని లేచారు. కారు దాకా వెళ్లకుండానే పెద్దవాడి గొంతు వినపడింది. "చెప్పిన రోజుకి దర్జీ కూడా ఇవ్వడు కదరా. ఈయన ఇస్తానంటన్నాడంటే ఇంక అందులో కళేముండిద్ది?"

కారు తిన్నగా ఊరికి అటు చివర ఉన్న ఇంకో శిల్పి దగ్గరికి వెళ్లింది. ఆయనకి గడ్డం ఉంది. షెడ్డులో కాళ్లూ తలలూ దాటుకుంటూ నడవాలి. "నాకు మూడ్ రావాలి. ఎప్పుడొస్తదో నేను చెప్పలేను" అనేవాడు, ఆకాశం వైపు చూసి. ఆ మాటకే సగం మంది దాసోహమయ్యేవాళ్లు. ఆయన చేసిన ఆ తండ్రి విగ్రహం తర్వాత చూశాను. ఎవరి తండ్రీ కానట్టుగా ఉంది. కొడుకులు మాత్రం దాని ముందు నిలబడి తనివితీరా ఫొటోలు దిగారు.

ఆ ఏడు మేస్త్రి గారి షెడ్డులో పని పలచబడింది. ఒక విగ్రహం అయ్యాక ఇంకోటి దొరకడం కష్టమైంది. అప్పుడు ఆయన భార్య రంగంలోకి దిగింది.

ఆవిడది చీరాల, మగ్గాల ఇంటి పిల్ల. వాళ్ల వంటింట్లో జీలకర్ర డబ్బాలో మెంతులు, మెంతుల డబ్బాలో రబ్బరు బ్యాండ్లు ఉండేవి. ఆయన అన్ని డబ్బాల మీదా పేర్లు రాసిన చీటీలు అంటించారు. ఆవిడ ఆ చీటీల జోలికి వెళ్లకుండానే, దేంట్లో పడితే దాంట్లో పోసుకుని, కళ్లు మూసుకుని వండేది. ఆ వంట బాగుండేది కూడా. చీటీల మీద వాళ్లిద్దరూ పోట్లాడుకోని పండగ నాకు గుర్తు లేదు.

"చెయ్యడం మీకొచ్చు. కనపడ్డం మీకు రాదు. ఆ రెండోది నాకొదిలెయ్యండి" అంది ఆయనతో.

ఒక ఆదివారం షెడ్డుకి అడ్డంగా పెద్ద పట్టా కట్టించింది. పట్టా వెనక ఆయన సామ్రాజ్యం, ముందు ఆవిడది. పగిలిన అచ్చులు, బీటలు వారిన మోకాళ్లు, తల్లేని మొండేలు, ఎండిపోయిన రంగు డబ్బాలు, అన్నీ ముందు భాగంలో గిరాటు పెట్టింది. పెళ్లయిన నాటి నుంచి అణుచుకున్న కోరికేమో, ఒక్కో వస్తువునీ విసిరి పడ్డ చోటు చూసి మురిసిపోయింది. మేస్త్రి గారు తల పట్టుకుని గోడవైపు తిరిగి కూర్చున్నారు.

మర్నాడు పొద్దున నేను దిగి వెళ్లేసరికి ఆయన ముందు గదిలో నేల మీద మోకాళ్ల మీద ఉన్నారు. చేతిలో బొగ్గుముక్క. పడి ఉన్న ప్రతి వస్తువు చుట్టూ గీత గీశారు. తర్వాత ఒక్కోటీ ఎత్తి, దుమ్ము దులిపి, కింద ఊడ్చి, మళ్లీ ఆ గీతలోనే పెట్టారు. ఒరిగిన కాలు అదే ఒరుగులో, బోర్లా పడ్డ చెయ్యి అదే బోర్లాలో. ఇక రోజూ అదే పని. ఒకరోజు పిల్లి దూకి ఒక చెయ్యి గీత దాటిందని, "ఈ చెయ్యి ఎవరు కదిపారు?" అని ఇల్లంతా అడిగారు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను.

"చిందరవందరైనా దానికో పద్ధతుండాలిగా మాస్టారూ" అన్నారు, నొచ్చుకుని.

ఏం చెప్పమంటారు! జనం రావడం మొదలుపెట్టారు. ఆ దర్శి పెద్దవాడే ఈసారి వాళ్ల బాబాయి విగ్రహం కోసం వచ్చి, గుమ్మంలో మొండెం తగిలి బోర్లా పడబోయి తమాయించుకుని, "ఆఁ, ఇదీ శిల్పి షెడ్డంటే!" అన్నాడు పరమానందంగా. ఎప్పటికిస్తారని అడిగితే మూడ్ రావాలని చెప్పమని ఆవిడ ముందే నేర్పింది. అబద్ధం ఆడటం చేతకాని మనిషి. "మూడ్ రావాలండి" అని ఒక క్షణం ఆగి, "సోమవారానికి వచ్చిద్ది" అన్నారు.

పేరు సింగరాయకొండ దాకా పాకింది. ఒక విలేకరి వచ్చాడు. ఫొటో తీసేముందు ఆవిడ పరుగెత్తుకొచ్చి ఆయన చొక్కా బొత్తాలు పైవి రెండు తీసేసి, రెండు చేతులతో జుట్టు చెరిపేసింది. ఆయన తలంటుకి కూర్చోబెట్టిన పిల్లాడిలా కళ్లు మూసుకుని నిలబడ్డారు. ఆదివారం పేపర్లో 'చిందరవందరలో సుందర శిల్పాలు' అని పెద్ద అక్షరాలు, కింద ఆ ఫొటో. సృష్టిలో మునిగితే ఈయనకి తల దువ్వుకోవడం కూడా గుర్తుండదని రాశాడు. మేస్త్రి గారు ఆ ముక్క స్కేలు పెట్టి తిన్నగా కోసి, పటం కట్టించి, రసమట్టంతో వంకర లేదని చూసుకుని మరీ గోడకి తగిలించారు.

ఆ తర్వాత సన్మానాలు. ఆవిడ గుమ్మంలో ఆపి జుట్టు చెరిపి పంపేది. బస్సెక్కగానే ఆయన జేబులోంచి దువ్వెన తీసి దువ్వుకునేవారు. దిగేముందు మళ్లీ చెరుపుకునేవారు. ఒకసారి చెరుపుకోవడం మర్చిపోయి దిగితే, తీసుకెళ్లడానికి వచ్చిన కుర్రాళ్లు శిల్పి గారు బస్సులో రాలేదనుకుని వెనక్కి వెళ్లిపోయారు. ఆయన సభకి నడుచుకుంటూ వెళ్లారు. ఆ సంగతి ఆయన మా ఇంట్లో చెపితే మేమంతా పొట్టలు పట్టుకుని నవ్వాం. ఆయన కూడా నవ్వారు గానీ తొందరగా ఆపేశారు.

మిరప కల్లాల కాలంలో ఒక మధ్యాహ్నం, ఘాటుకి తుమ్ముతూ పట్టా వెనక్కి వెళ్లాను. మేస్త్రి గారు ఎవరో ముసలమ్మ మట్టి మొహానికి ముడతలు దిద్దుతున్నారు. ముందు గదిలో ఎవరో కాలేజీ పిల్లలు పగిలిన చేతుల పక్కన సెల్ఫీలు తీసుకుంటున్నారు. ఆ నవ్వులు మాకు వినపడుతున్నాయి.

"వాళ్లంతా చూట్టానికి వచ్చేది ఆ ముందు గదిలో ఆయన్ని మాస్టారూ. నన్ను కాదు" అన్నారు, చేతి పని ఆపకుండానే.

"ఇద్దరూ మీరేగా" అన్నాను.

"కాదండి. ఆయన్ని మా ఇంటిది చేసింది. బాగానే చేసింది, అన్నం తింటన్నాం. ఒక్కటే దిగులు. రేపు నేను పోతే ఈ ఊళ్లో ఆయన్నే తలుచుకుంటారు. నేనొకణ్ణి ఇక్కడ కూర్చుని పనిచేశానని ఎవరికీ తెలవదు."

ఇంతలో పట్టా కదిలింది. ఆవిడ మజ్జిగ గ్లాసులు తెచ్చి అక్కడే నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. గ్లాసులు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

అందుకే మట్టిచూపులంటే నాకు అంత బెంగ.

శిష్యుడి షెడ్డులో ఆ పొద్దున పాతికమంది దాకా పోగయ్యాం. కళాసమితి అధ్యక్షులు గారు జరీ అంచు కండువాతో వచ్చారు. శిష్యుడు తడి గుడ్డ తీశాడు. నడుము దాకా బొమ్మ. రేగిన జుట్టు, ఊడిన బొత్తాలు, నలిగిన చొక్కా, ఆకాశం వంక చూపు. పనితనంలో వంక పెట్టడానికి లేదు. చెవి తమ్మెలు కూడా ఆయనవే.

"అద్భుతం! సృజన ఉట్టిపడుతోంది!" అన్నారు అధ్యక్షులు గారు. అందరూ చప్పట్లు కొట్టారు. శిష్యుడు మాత్రం ఎవరి వంకా చూడలేదు, ఆవిడ వంకే చూస్తున్నాడు.

ఆవిడ బొమ్మ చుట్టూ నెమ్మదిగా తిరిగింది. ఎదురుగా వచ్చి ఆగింది.

"ఎవరయ్యా ఈయన?" అంది.

శిష్యుడు చేతిలో తడి గుడ్డ మడిచాడు.

"మా ఆయన కాదు."

"కళాసమితి వాళ్లు ఇచ్చిన ఫొటో అదేనమ్మా" అన్నాడు శిష్యుడు, తల దించుకుని. "వద్దండీ అంటే వాళ్లు విన్లేదు."

అధ్యక్షులు గారు కల్పించుకున్నారు. "అమ్మా, లోకానికి తెలిసిన రూపం ఇదే కదా. పేపర్లో కూడా ఇట్లాగే వచ్చింది."

"వచ్చిందండి. ఆ జుట్టు చెరిపింది నేనే. అప్పుడు ఇల్లు గడవక చెరిపాను. ఇప్పుడు ఎవరి ఇల్లు గడవడానికండీ?" అంది ఆవిడ. గొంతు పెద్దదేమీ చెయ్యలేదు. శిష్యుడు తల కోసే తీగ అందుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "తల తియ్యమాక నాయనా. మొహం ఆయనదే. దువ్వు, చాలు. చూపు కిందికి దించు. పనిచేసుకునేటప్పుడు పైకి చూస్తే చెయ్యి తెగిద్ది."

శిష్యుడు మట్టి తడిపాడు. ఎడమ పాపిడి తీశాడు. రెప్పలు దించాడు. అడక్కుండానే చిన్న మట్టి ఉండలు చేసి ఆవిడ అరచేతిలో పెట్టాడు. ఆవిడ చొక్కాకి బొత్తాలు తనే అతికించింది. ఒకటి పెట్టి, దానికీ కింది దానికీ మధ్య ఎడం వేళ్లతో కొలిచి, అంతే ఎడంలో రెండోది పెట్టింది. అతికించాక వెనక్కి జరిగి చూసి, వంకరగా ఉందని తీసి మళ్లీ పెట్టింది. ఆవిడ ఒక వస్తువుని కొలిచి పెట్టడం నేను చూడటం అదే మొదటిసారి.

అధ్యక్షులు గారికి ఓపిక అయిపోయింది. "అంతా బాగానే ఉంది గానీ అమ్మా, ఇట్లా ఉంటే సొసైటీ బ్యాంకు సెక్రటరీ అనుకుంటారు. శిల్పి అని దారినపోయేవాళ్లకి ఎట్లా తెలుస్తుంది?"

"కింద రాయించండి. చదువుకున్నోళ్లేగా అందరూ" అంది, ఆయన వంక తిరక్కుండానే.

ఇంకా కాసేపు చూసింది. పమిట చెంగు తీసి బొమ్మ భుజం మీద పడ్డ మట్టి పొడి దులిపింది.

"ఇప్పుడు మా ఆయనే" అంది.

ఆ మాట అన్నాక అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. ఆయన పోయిన రోజున కూడా అందరి ముందూ అట్లా ఏడవలేదు. నేనూ ఆపుకోలేకపోయాను. అధ్యక్షులు గారు కండువా సర్దుకుని మళ్లీ ఏదో చెప్పబోయారు గానీ, ఈలోపే శిష్యుడు బకెట్టు లాక్కుని అచ్చుకి ప్లాస్టరు కలపడం మొదలుపెట్టాడు.